ఏరు దాటితేనే భద్రాద్రి

సికింద్రాబాద్‌లో రాత్రి మణుగూరు రైలెక్కి కన్నుమూస్తే, తెల్లవారుజామున ఎవరో ఒకరు తట్టి లేపుతారు: 'భద్రాచలం వచ్చింది, దిగండి'. బోర్డు మీద కూడా అదే పేరు. మొదటిసారి వచ్చినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని, సంచులు సర్దుకుని, ప్లాట్‌ఫాం మీద నిలబడి గోపురం కోసం నాలుగు దిక్కులా వెతుకుతారు. బయట ఆటో డ్రైవర్‌ని 'గుడికి ఎంత తీసుకుంటావు బాబూ?' అని అడిగితే అతను నవ్వి బస్టాండు వైపు చెయ్యి చూపిస్తాడు. గుడి ఇంకా నలభై కిలోమీటర్ల అవతల ఉంది. వాళ్ళు దిగింది బొగ్గు గనుల కొత్తగూడెంలో. స్టేషన్ పేరు 'భద్రాచలం రోడ్'. ఆ చివరి 'రోడ్' అన్న ముక్కను ఎవరూ పట్టించుకోరు, దిగాక నడుం పట్టేసిన ముసలమ్మ తప్ప.

ఈ తికమకలో రైల్వేవాళ్ళ తప్పేమీ లేదు. గోదావరికి ఇవతలి ఒడ్డున ఉన్నవన్నీ అవతలి ఊరి పేరుతో బతుకుతున్నవే. ఐటీసీవారి కాగితం మిల్లు మొదట్లో 'భద్రాచలం పేపర్ బోర్డ్స్' పేరుతో వెలిసింది, మిల్లున్నది మాత్రం సారపాకలో. రైలు కట్ట కొత్తగూడెం దాటి మణుగూరు దాకా వెళ్ళింది కానీ ఏరు దాటలేదు. ఈ ఒడ్డు నుంచి ఏ దారిన వచ్చినా చివరికి నది దగ్గర ఆగాలి, అక్కణ్ణుంచి దాటాలి. పటం చూస్తే భద్రాచలం గోదావరి ఉత్తరపు ఒడ్డు మీద ఉన్న మామూలు పట్నం. అక్కడికి ప్రయాణం కట్టి చూస్తే అది ఒక ద్వీపం.

నీళ్ళకు తోడు సరిహద్దులు కూడా ఆ ఊరిని దీవిని చేశాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా పోయాయి, బూర్గంపాడులో కొంత పోయింది. భద్రాచలం మండలమైతే ఊరొక్కటి మిగిలి తక్కినదంతా వెళ్ళింది. రాముడు తెలంగాణలో, రాముడి మాన్యం ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రలో. ఊరి చివర నాలుగు అడుగులు వేస్తే ఎటపాక, అంటే పక్క రాష్ట్రం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల పోవాలంటే, బయల్దేరేదీ చేరేదీ తెలంగాణే అయినా, మధ్యలో కాసేపు ఆంధ్ర రోడ్డు మీద నడవాలి. ఎటపాక, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల, ఈ అయిదు పంచాయతీలను వెనక్కి ఇచ్చేయమని అడగని నాయకుడు లేడు, ఇచ్చినవాడూ లేడు. ఈ ఊరికి ఇలాంటివి కొత్త కూడా కాదు. 1874 దాకా ఈ తాలూకా మధ్య పరగణాల కింద ఉండేది, తర్వాత మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాలోకి వచ్చింది, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మారింది. జిల్లాలూ రాష్ట్రాలూ మారినా, దాటాల్సిన నది ఒక్కటే.

వంతెన లేని రోజుల్లో పద్ధతి తేలికగానే ఉండేది: ఒడ్డు దాకా ఎడ్లబండి, ఆ పైన పడవ. పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న ఈ నది దాటే అవతలి గట్టు మీద గుడి కట్టించాడు. రాళ్ళూ సున్నమూ ఎలా దాటించారో గానీ, తానీషా సర్కారు గోపన్నను గోల్కొండ చెరలో పెట్టినప్పుడు రాసిన లెక్కల్లో పడవ కిరాయి కూడా ఉండి ఉంటుందని అనుకోవడంలో తప్పులేదు. ఆ పడవల కాలం ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా సాగింది. 1965 జులైలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చి గోదావరి మీద వంతెన ప్రారంభించారు. ఇప్పుడు అరవై దాటిన ఆ వంతెన మీదే ఇసుక లారీలు, బొగ్గు లారీలు, కాగితం మిల్లుకు పోయే కర్ర లారీలు, ఛత్తీస్‌గఢ్ పోయే ట్రెయిలర్లు, నవమికి వచ్చే బస్సులు, అన్నీ నడిచాయి. పక్కనే రెండో వంతెన పని 2015లో మొదలుపెట్టి, ఒక వరదకు ఆగి ఇంకో వరదకు సాగి, 2024కు గానీ వాహనాలు వదల్లేదు. మొదటి వంతెన ఆ కాలపు సాధనాలతో అంతకన్నా తొందరగా పూర్తయిందని ఊళ్ళో పెద్దవాళ్ళు దెప్పుతుంటారు, ఆ దెప్పుడులో న్యాయముంది.

రోడ్డు దారుల్లో ఎక్కువమంది వచ్చేది హైదరాబాద్ నుంచి సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పాల్వంచ దగ్గర థర్మల్ పొగ గొట్టాలు కనపడితే గంటలోపు గోదావరి కనపడుతుందని గుర్తు. విజయవాడ వైపు నుంచి జాతీయ రహదారి 30 ఉంది, అదే రోడ్డు ఊరు దాటి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్‌కు పోతుంది. విమానం సంగతి ఎన్నికలప్పుడు వినపడుతుంది, తర్వాత వినపడదు. రాజమండ్రిలోనో విజయవాడలోనో దిగి మళ్ళీ రోడ్డు పట్టాల్సిందే.

చెప్పుకోవాల్సిన రోడ్డు మారేడుమిల్లి ఘాటు. రాజమండ్రిలో ఎక్కిన బస్సు రంపచోడవరం దాటాక గేరు మార్చుకుని కొండెక్కుతుంది. మలుపుకొక మలుపు, ప్రతి మలుపులోనూ హారన్. కిటికీ పక్క సీటు కోసం పోట్లాడినవాడే పదో మలుపుకు నిమ్మకాయ వాసన చూస్తూ లోపలికి జరుగుతాడు. అవతలి వైపు దిగితే చింతూరు. అక్కడ శబరి పాయ కనపడుతుంది, రోడ్డు పక్క తట్టల్లో సీతాఫలాలు, అడ్డాకుల కట్టలు కనపడతాయి, భాష మారుతుంది. తెలుగు, కోయ, హల్బీ, ఒడియా ఒక టీకొట్టు ముందే వినపడతాయి. విశాఖ నుంచి చింతపల్లి, సీలేరు మీదుగా వచ్చే బస్సుది ఇంకా పెద్ద చుట్టు. జలవిద్యుత్ కేంద్రాల మధ్య నుంచి, అడవిలో మనిషి కనపడని మైళ్ళ మీదుగా వస్తుంది. ఆ బస్సులో దేవుడి దగ్గరకు వచ్చేవాళ్ళు తక్కువ. సంతకు పోయే మన్యంవాళ్ళు, బదిలీ మీద పోతున్న మాస్టార్లు, కోడిపుంజును ఒళ్ళో పెట్టుకున్న మామ, వీళ్ళది ఆ బస్సు.

ఇక నీళ్ళ దారి. తెలుగువాళ్ళలో సగం మంది మనసులో భద్రాచలానికి ఇప్పటికీ లాంచీయే పోతుంది. తప్పు సినిమాలది. 1973లో బాపు 'అందాల రాముడు' అంతా గోదావరి మీద పడవలో నడిపారు, 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' అదే దారిన మళ్ళీ ఒక లాంచీ ఎక్కించింది. రాజమండ్రి రేవులో ఎక్కి, పాపికొండల మధ్య పాటలు పాడుకుంటూ, రాముడి పెళ్ళికి దిగడం ఎంత బాగుంటుంది! ఒకప్పుడు ఆ దారి నిజంగానే ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ కళ్ళు ఎగువ గోదావరి మీద పడ్డాయి. వార్ధా, నాగపూర్ ప్రాంతాల పత్తిని పడవల మీద దించి కోస్తా రేవుకు చేర్చాలని ఆయన ఆలోచన. అడ్డం మూడు చోట్ల రాతి మెట్టలు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. మొదటి దాన్ని హేగ్ అనే ఇంజనీరు చేతుల మీదుగా గెలిచారు. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టి, పక్కన కాలువ తవ్వి, పడవలు ఎక్కిదిగడానికి లాకులు పెట్టారు. ఈలోగా 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి ఆ పట్టాల మీద పడమటికి పోయింది. 1871లో ఎగువ గోదావరి పని ఆపేశారు.

పర్ణశాల పోయే భక్తులు బంగారు లేడి బొమ్మ ముందు ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు గానీ, ఆ దారిలోనే ఉన్న దుమ్ముగూడెం లాకుల దగ్గర ఎవరూ ఆగరు. ఆగి చూడదగిన చోటు. చెక్కిన రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఇప్పటికీ వేలు దూరనంత బిగువుగా ఉన్నాయి. రాతి సందుల్లో రావి మొక్కలు మొలిచాయి. ఎండాకాలం ఆనకట్ట మీద నుంచి నీరు పల్చగా జారుతుంటే జాలరులు గాలాలు వేసుకుని కూర్చుంటారు. దిగువనే సీతమ్మ సాగర్ బ్యారేజీ పని. నూట యాభై ఏళ్ళ కిందట పడవ కోసం ఆపిన నీళ్ళను ఇప్పుడు పొలం కోసం ఆపుతున్నారు. పడవ మాట మాత్రం ఏ ప్రాజెక్టు నివేదికలోనూ గట్టిగా వినపడదు. నాగపూర్ దాకా పోలేకపోయినా, రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా ఆవిరి పడవలూ, తర్వాత మోటారు లాంచీలూ నిండు నీళ్ళున్న నెలల్లో తిరిగాయి. పైకి ఉప్పు, బట్టలు, కిరసనాయిలు వెళ్ళేవి. కిందికి చింతపండు, అడ్డాకులు వచ్చేవి. టేకు దుంగలూ వెదుళ్ళూ తెప్పలు కట్టి వదిలితే గోదారే మోసుకుపోయేది.

ఇప్పుడు లాంచీ భద్రాచలం రాదు. పాపికొండల విహారానికి భద్రాచలం నుంచి వెళ్ళేవాళ్ళు రోడ్డు మీద కూనవరం మీదుగా వీఆర్‌పురం మండలం పోచవరం రేవుకు చేరాలి, డెబ్భై కిలోమీటర్ల పైమాటే. అక్కడ లాంచీ ఎక్కితే పేరంటాలపల్లి, కొల్లూరు వెదురు గుడిసెలు చూపించి వెనక్కి తెస్తారు. అటు రాజమండ్రి వైపు వాళ్ళు గండిపోచమ్మ దగ్గర ఎక్కుతారు. రెండు వైపుల వాళ్ళూ కొండల మధ్య ఎదురుపడి చేతులూపుకుంటారు, ఎవరి ఒడ్డుకు వాళ్ళు తిరిగిపోతారు. అది విహారం, ప్రయాణం కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర నిండు వరదలో పర్యాటకుల బోటు మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. చాలాకాలం బోట్లు ఆగిపోయి, 2021లో మళ్ళీ మొదలయ్యాయి. లైఫ్ జాకెట్ తొడుక్కుంటే ఫొటో బాగుండదని తీసి ఒళ్ళో పెట్టుకునే పెద్దమనిషి ఇప్పటికీ ప్రతి బోటులోనూ ఒకడు కనపడతాడు. సరంగు కేకేస్తే తొడుక్కుంటాడు, మలుపు తిరగ్గానే మళ్ళీ తీస్తాడు. ఆ కొండల్లో సుడులు ఎక్కడెక్కడుంటాయో సరంగుకు తెలుసు. ఆయన కేకకు విలువివ్వాలి.

గుడికి వచ్చేవాళ్ళ కోసం ఇంత చెప్పుకున్నాం. అసలు భద్రాచలం బస్టాండులో ఏడాది పొడవునా నిలబడేది వాళ్ళు కాదు. మిరప కోతల కాలంలో ఒకసారి చూడండి. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. తల మీద సత్తు గిన్నెల మూట, భుజాన గొడ్డలి, చంకలో పిల్ల, ఇంకో పిల్ల వేలు పట్టుకుని. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం మండలాల మిరప చేలకు, కొందరు ఖమ్మం దాకా పోతారు. ముఠా మేస్త్రీ ఎవరిని ఏ బండి ఎక్కించాలో చేత్తో చూపిస్తుంటాడు. బస్సుల్లో కొందరు, మిగతావాళ్ళు ట్రాలీ ఆటోలో, ట్రాక్టర్ తొట్టిలో. తొట్టిలో ముప్ఫై మంది నిలబడితే ఏ మలుపులోనైనా ప్రాణాలు గాల్లోనే. ప్రమాదం జరిగిన మర్నాడు పేపర్లో పడుతుంది, నాలుగు రోజులు పోలీసులు తొట్టెలు ఆపుతారు, అయిదో రోజు నుంచి మామూలే. నవమికి వందల ప్రత్యేక బస్సులు వేయగలిగిన వ్యవస్థకు, కోతల కాలంలో కుంట నుంచి, చర్ల నుంచి ఓ పాతిక బస్సులు వేయడం చేతకాదంటే నమ్మబుద్ధి కాదు. ఆ జనం టికెట్టు కొననివాళ్ళు కూడా కాదు.

చర్ల రోడ్డు ఒకప్పటికన్నా మెరుగు. బంద్ పిలుపు రాగానే రాత్రి సర్వీసులు నిలిపేసి బస్సులను డిపోలకు రప్పించిన రోజులు చాలా చూసింది ఆ రోడ్డు. వెంకటాపురం, వాజేడు దాటి గోదావరి మీద ముల్లకట్ట వంతెన ఎక్కితే ఏటూరునాగారం, అక్కణ్ణుంచి వరంగల్. అంటే దీవికి ఇప్పుడు వెనక తలుపు కూడా ఉంది. కానీ తారు రోడ్డు దిగి అడవిలోకి నాలుగు కిలోమీటర్లు పోతే లెక్క మారుతుంది. వాగు పొంగితే మంచానికి తాళ్ళు కట్టి, వెదురు బొంగు దూర్చి, నొప్పులొస్తున్న ఆడమనిషిని డోలీలో మోస్తారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, భుజం మార్చుకోవడానికి పక్కన ఇంకో నలుగురు. 108 బండి తారు రోడ్డు మీద నిలబడి ఎదురుచూస్తుంది. ఆ బండి చేరేది భద్రాచలం ఏరియా ఆసుపత్రికి. అక్కడి వార్డుల్లో తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగు రాష్ట్రాల బాలింతలు పక్కపక్క మంచాల మీద ఉంటారు. ఈ దీవికి ప్రయాణం ఎవరికి ఎక్కువ అవసరమో ఆ వార్డులో నిలబడితే ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

రైలు గురించి ఒక కబురుంది. మణుగూరు లైన్లోని పాండురంగాపురం నుంచి భద్రాచలం మీదుగా ఒడిశాలోని మల్కన్‌గిరికి 173 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. గోదావరి మీద, శబరి మీద వంతెనలు కట్టాలి, అడవి అనుమతులు రావాలి, భూమి సేకరించాలి. రెండో రోడ్డు వంతెనకు తొమ్మిదేళ్ళు పట్టిన చోట రైలు వంతెనకు ఎన్నేళ్ళో ఎవరి లెక్క వాళ్ళది. వస్తే మాత్రం లాభం గుడికన్నా మన్యానికే. చింతపండు బస్తాకీ, జ్వరమొచ్చిన మనిషికీ, హాస్టల్‌కు పోయే పిల్లవాడికీ ఒకే టికెట్టుతో దారి దొరుకుతుంది. అనుమతులు తేవడంలో రెండు తెలుగు ప్రభుత్వాలూ పోటీ పడాల్సింది దీనికి. అన్నట్టు, రావడానికి వీల్లేనివాళ్ళకు దేవుడి వైపు నుంచీ ఓ రవాణా ఏర్పాటైంది: ఆర్టీసీ కార్గోవాళ్ళు కల్యాణ తలంబ్రాలను ఇంటికే పంపుతున్నారు. తలంబ్రాలు ఏరు దాటినంత సులువుగా మనుషులు దాటగలిగితే చాలు.

వానాకాలం వచ్చిందంటే ఊళ్ళో పలకరింపే మారిపోతుంది. 'బాగున్నారా' పోయి 'ఎన్ని అడుగులుంది?' వస్తుంది. స్నానఘట్టాల దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఊళ్ళో చినుకు పడకపోయినా గోదారి పెరగవచ్చు. మహారాష్ట్రలో, బస్తర్‌లో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతుల మీదుగా ఒకటి రెండు రోజుల్లో ఇక్కడికి దిగుతుంది. కింద కూనవరం దగ్గర శబరి కూడా పోటు మీదుంటే గోదావరి పోవడానికి చోటులేక వెనక్కి ఎగదన్నుతుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 1990లో 70.8. 2022 జులైలో 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అటు తూరుబాక దగ్గర చర్ల రోడ్డు, ఇటు రాయనపేట దగ్గర చింతూరు రోడ్డు, ఏటి అవతల బూర్గంపాడు రోడ్డు, అన్నీ నీళ్ళ కిందే. కరకట్ట లోపలికి గోదారి రాకుండా తూములు మూస్తే ఊరి నీరు బయటికి పోలేక గుడి దగ్గర విస్తా కాంప్లెక్స్ మునుగుతుంది, మోటార్లు పెట్టి తోడాలి. అలాంటి రోజుల్లో భద్రాచలం పటంలోనూ ద్వీపమే.

కాబట్టి జులై నుంచి సెప్టెంబరు మధ్య ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు టికెట్టుతో పాటు భద్రాచలం దగ్గర గోదావరి మట్టం కూడా చూసుకుని బయల్దేరండి. 43 లోపైతే ఏ దారైనా నడుస్తుంది. 48 దాటితే చింతూరు, చర్ల వైపు పోవద్దు, కొత్తగూడెం దారినే రండి. 53 దాటిందంటే రిజర్వేషన్ రద్దు చేసుకోండి, రాముడు నవమి దాకా ఎక్కడికీ పోడు.